గెలిచినంక మన పోరగాళ్ళకు ఏం పని చెప్పినం?

(2016 జూన్ 4, శనివారం నాడు బాతెల్‌ల రాష్ట్ర అవతరణ దినోత్సవానికి కలుసుకున్నప్పుడు మాట్లాడిన మాటలు. మాట్లాడినట్టే రాసిన. మధ్యల దారి తప్పిన ముచ్చట్లు కొన్ని తీసేసిన.)

 జై తెలంగాణ.

నాకు ఇరవై నిమిషాలిచ్చిన్రు. వెనుక నుంచి సర్వపిండి వాసన వస్తున్నది కాబట్టి ఇరవై ఒకటో నిమిషంల నా ముందర ఎవరూ ఉండరని నాకు ఎరుకే. జల్ది మొదలుపెడత.

ఇదే ఊళ్ళె నేను ఇంతకు ముందు రెండుసార్లు మైకు పట్టుకున్న. ఒకసారి 2009 డిసెంబరుల, ప్రకటన వచ్చి వెనక్కి పోయినంక. ఇంకోసారి 2011ల, సకల జనుల సమ్మె నడిచేటప్పుడు. ఆ రెండుసార్లు నా పని అల్కగ ఉండె. మీకు కోపం తెప్పించాలె, అంతే. నీళ్ళ లెక్క చెప్పిన, కొలువుల లెక్క చెప్పిన, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం చదివి వినిపించిన. మీకు కోపం వచ్చింది, చెక్కులు రాసిన్రు. ఇయ్యాల కోపం తెప్పించే పని లేదు. అందుకే నాకు జర కష్టంగున్నది.

ఒక పిల్లగాని సంగతి చెప్త. పేరు చెప్పను. వరంగల్ దిక్కు పిల్లగాడు, 2011ల డిగ్రీ చదువుతుండె. ఫేస్‌బుక్‌ల పరిచయం. వాళ్ళ కాలేజీ జేఏసీ దీక్షా శిబిరం ఫోటోలు పంపేటోడు, నేను ఇక్కడ మనోళ్ళందరికీ పంపేటోణ్ణి. ఒకనాడు పొద్దున నేను క్లయింట్ మీటింగుల ఉన్నప్పుడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, నేనేమన్న చేసుకుంటె ఢిల్లీ వాళ్ళు కదులుతరా?" అని.

నేను ఫోన్ బోర్లించి పెట్టిన్న. నాలుగు గంటలైనంక చూసిన. పార్కింగ్ లాట్‌ల నిలబడి ఫోన్ చేస్తుంటె చెయ్యి వణికింది. అక్కడ తెల్లారగట్ల మూడు దాటింది. నాలుగోసారికి నిద్రమబ్బుల ఎత్తిండు. "ఏం లేదన్నా, ఊకెనే రాసిన" అన్నడు. ఊకెనే రాయలేదని వానికీ తెలుసు, నాకూ తెలుసు. గంటసేపు మాట్లాడిన. ఆ తర్వాత వాళ్ళ అన్నకు చెప్పిన. ఇప్పుడు బాగనే ఉన్నడు, మొబైల్ రిపేరు దుకాణం పెట్టుకున్నడు.

వాడు పోయిన దసరాకు మళ్ళ రాసిండు. "అన్నా, తెలంగాణ వచ్చింది గద. ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

నేను ఆఫీసుల ఉన్న అప్పుడు కూడ. "గ్రూప్-2 నోటిఫికేషన్ పడ్తదంటున్నరు, చదువుకో" అని కొట్టి పంపిన. పంపినంక నాకే సిగ్గనిపించింది. వాడు కొలువు గురించి అడగలే. నాలుగేండ్లు వాడు ఒక పని చేసిండు. శిబిరానికి పోలీసుల పర్మిషన్ తెచ్చిండు, బియ్యం జమ చేసిండు, అరెస్టయిన పిల్లలకు వకీలును మాట్లాడిండు, అలిగిన రెండు సంఘాలను ఒక్క టెంటు కిందికి తెచ్చిండు. 2014 జూన్ 2 నాడు ఆ పని అయిపోయింది. తర్వాతి పని ఏదని అడుగుతున్నడు. నేను పరీక్షకు చదువుకో అన్న.

ఇక్కడున్నోళ్ళల్ల ముప్పావు మందిమి సాఫ్ట్‌వేరే కాబట్టి మన భాషల చెప్త. గో-లైవ్ అయింది, కేక్ కోసినం, టీం మొత్తాన్ని పంపేసినం. సపోర్టుకు ఎవరున్నరంటె ఎవరూ లేరు. సిస్టం తెలిసిన పిల్లలందరూ బయట నిలబడి ఉన్నరు, బ్యాడ్జీలు పని చేస్తలేవు. ఇట్లాంటి ప్రాజెక్టు మీలెవరన్న ఒప్పుకుంటరా?

ఇది మనకు కొత్త కాదు. మా బాపు 1969ల కరీంనగర్‌ల కాలేజీ పిల్లగాడు. ఆ యేడు కాలేజీలు మూతబడ్డయి, చదువు ఒక సంవత్సరం పోయింది. చనిపోయినోళ్ళు 369 మంది అని మనం చెప్పుకుంటం, ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం గన్‌పార్కుల ఉన్నది. 1971 ఎన్నికలల్ల తెలంగాణ ప్రజాసమితి 14 లోక్‌సభ సీట్లల్ల 10 గెలిచింది. అదే యేడు పోయి కాంగ్రెస్‌ల కలిసింది. పెద్దోళ్ళకు పెద్ద పదవులొచ్చినయి. గోడల మీద రాసిన పిల్లలకు ఏమైందని మా బాపును అడిగితె రెండు ముక్కలల్ల చెప్తడు: "ఇగ పొమ్మన్నరు. వచ్చినం." మా బాపు పంపు మెకానిక్ అయిండు. మళ్ళ ఎన్నడూ ఒక మీటింగుకు పోలే. ఓటు వేస్తడు, అంతే. 2009ల టీవీ చూసుకుంట ఏడ్చిండు గని, గడప దాటలే.

అందరు మా బాపు లెక్క ఊకుండలే. 1975ల రాడికల్ విద్యార్థి సంఘం పుట్టింది, 1978ల జగిత్యాల జైత్రయాత్ర అయింది. 1969ల దెబ్బ తిన్నోళ్ళే అటు పోయిన్రని నేను అనను, భూమి ఉన్నది, వెట్టి ఉన్నది, ఎమర్జెన్సీ ఉన్నది, కారణాలు మస్తున్నయి. కానీ మాట వినేటోడు లేని ఊళ్ళె చదువుకున్న పిల్లగాడు ఎక్కడ విన్నరో అక్కడికి పోతడు. మా పెద్దనాయిన కొడుకు అట్లనే పోయిండు. తొంభైలల్ల లొంగిపోయి వచ్చిండు. ఠాణాల సంతకం పెట్టుడు, రేషన్ దుకాణం అరుగు మీద కూసునుడు, ఇదే పని. మా ఊరి భూముల లెక్క పట్వారి కన్న ఎక్కువ తెలిసిన మనిషి. పంచాయతీ ఆయనను ఒక్కనాడు పిలిచి ఒక్క మాట అడగలే. పోలీసులకు భయపడి కొందరు, ఆయనకు భయపడి కొందరు.

ఆ కాలంల ఊళ్ళెకు పోయి పడ్డోళ్ళ మాట విన్నది ఎవరంటె నాకు ఎస్.ఆర్. శంకరన్ గారు యాదికొస్తరు. 1987ల తూర్పు గోదావరి మన్యంల నక్సలైట్లు ఎత్తుకపోయిన ఐఏఎస్ అధికారులల్ల ఆయన ఒకరు. అట్లాంటి మనిషి రిటైరయినంక 1997ల కన్సర్న్‌డ్ సిటిజెన్స్ కమిటీ పెట్టి, పోలీసుల చేతుల చచ్చినోళ్ళ ఇంటికీ పోయిన్రు, నక్సలైట్ల చేతుల చచ్చినోళ్ళ ఇంటికీ పోయిన్రు. ఎవరి తప్పు వాళ్ళకు మొహం మీద చెప్పిన్రు. ఆ ఓపికనే 2004 అక్టోబరుల హైదరాబాద్‌ల ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూసోబెట్టింది. 2005 జనవరికి అది చెడిపోయింది. చెడిపోయింది కాబట్టి వృథా అని నేను అనుకోను. గన్ను లేకుండ, పదవి లేకుండ, మామూలు మనుషులు ఇంత దూరం తీసుకపోవచ్చని చూపించిన్రు. ఈ కథ మన పిల్లలకు ఎంతమందికి చెప్పినం?

మన ఉద్యమం చివరి ఐదేండ్లు వేరే తీర్గ నడిచింది. దానికి గర్వపడాలె. బాంబు పేలలే, ఆంధ్ర నుంచి వచ్చిన మనిషి ఇల్లు తగలబడలే. వంటా వార్పూ, ధూంధాం, రైల్ రోకో, మానవహారం. బాంబు లేదు, కానీ దుఃఖం లేదా? మన దుఃఖం మన ఇంట్లనే జరిగింది. మన పిల్లలు ఎదుటోని మీద చెయ్యి ఎత్తలే, తమ మీద తామే ఎత్తుకున్నరు. శ్రీకాంతాచారి, సిరిపురం యాదయ్య. పన్నెండు వందలని ఒకరంటరు, కాదని ఇంకొకరు ఇంకో లెక్క చెప్తరు. కొత్త ప్రభుత్వం కుటుంబానికి పది లక్షలు, ఇంట్ల ఒకరికి ఉద్యోగం అన్నది. అంది తీరాలె. కానీ నేను అడిగేది మన లెక్క. వాళ్ళ ఫోటోలు బ్యానర్లకు ఎక్కించినోళ్ళల్ల నేనొకణ్ణి. ఫోటోషాప్‌ల దండ వేసినోణ్ణి నేనే. ఆ బ్యానరు ఆ వరంగల్ పిల్లగాడు చూసిండు. ఏం చేస్తె బ్యానరు ఎక్కుతమో వానికి మనమే చూపించినం. శిబిరం నడిపినందుకు వాని ఫోటో నేను ఏ బ్యానరుకూ ఎక్కించలే.

(ఇక్కడ ఒక అన్న లేచి "త్యాగాన్ని తక్కువ చెయ్యొద్దు" అన్నడు. తక్కువ చేస్తలేనన్నా. నేను చెప్పేది ఒక్కటే. వచ్చే యేడు గోడకు ఫోటో పెడితె, దాని కింద ఆ పిల్లగాడు ఏం చదివిండు, ఏం పాట పాడేటోడు, వాళ్ళ అవ్వ ఇప్పుడెట్లున్నది రాద్దాం. చావు ఎట్లైందో రాయొద్దు. ఇంకా ఒకటి. అసుంటి మెసేజ్ ఎవరికన్న వస్తె మీటింగు వదిలిపెట్టి లేవాలె. వాని దగ్గరున్న మనిషికి, ఇంటోళ్ళకో దోస్తులకో, వెంటనే చెప్పాలె. నాలుగు గంటలు ఆగొద్దు.)

ఇప్పుడు ఎదుటోళ్ళ సంగతి. ఇది చెప్పుడు నాకు ఇంకా కష్టం.

ఇంజనీరింగుల నాకొక రూమ్మేట్ ఉండె. వినుకొండ దగ్గరి వాడు. నా పెండ్లిల బంతి వడ్డించినోడు. ఇద్దరం తిరిగి తిరిగి బాతెల్‌ల ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల తేలినం. 2011 మార్చి 10, మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలిన ఫోటోలు వచ్చినయి. నేను కింద "మంచిగైంది" అని రాసిన. పావుగంటకు వాడు ఫోన్ చేసిండు. "జాషువా ఏం చేశాడ్రా మీకు?" అన్నడు. వాళ్ళ తాత బడిపంతులు, జాషువా పద్యాలు మొత్తం నోటికి చెప్పేటోడు, సెలవులకు పోయినప్పుడు నేను కూడ విన్న. నేనేమన్న? "ట్యాంక్‌బండ్ మీద మావోళ్ళ విగ్రహాలెన్ని పెట్టిన్రు, చెప్పు ముందుగాల" అన్న. ఆ లెక్క తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అంట. కానీ వాడు అడిగింది లెక్క కాదు. ఊరు పట్టించుకోని కులంల పుట్టి, అవమానాలు మింగి పద్యం రాసిన మనిషిని ఎందుకు కూల్చిన్రని అడిగిండు. దానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టే లెక్క తీసిన.

నాలుగేండ్లు మాట్లాడుకోలే. 2014 ఫిబ్రవరిల బిల్లు పాసయిన రాత్రి మనం కార్ల హారన్లు కొట్టుకుంట ఆ కాంప్లెక్స్ చుట్టే తిరిగినం, మీలో కొందరికి యాది ఉంటది. వాని కిటికీల లైటు ఆరిపోయింది, నేను చూసిన.

ఇంకో సంగతి మా బిడ్డ చెప్పింది. ఇప్పుడు తొమ్మిదేండ్లు దానికి. వాళ్ళ బిడ్డ, మా బిడ్డ ఒకే క్లాసు. "డాడీ, వాళ్ళింటికి మనం పోవద్దు గద" అన్నది ఒకనాడు. నేను అట్ల ఎన్నడూ చెప్పలే. మా ఆవిడ చెప్పలే. ఎవరు నేర్పిన్రు మరి? ఆంధ్ర అంటె ఎక్కడో, కృష్ణా నది ఎటు పారుతదో తెలువని పిల్లకు పోవద్దని మాత్రం తెలిసింది.

పోయిన యేడు వాళ్ళ నాయిన చనిపోయిండని ఎవరో చెప్తె తెలిసింది, అప్పటికే పదకొండు రోజులైంది. పోయిన. తలుపు తీసి "రా" అన్నడు. విగ్రహం మాట నేనే ఎత్తిన, తప్పు మాట రాసిన అని చెప్పిన. వాడు కూడ ఆ రోజులల్ల మనోళ్ళ యాస మీద, చదువు మీద అన్న మాటలు యాది చేసుకున్నడు. చాయ్ తాగినం. అంతా సాఫైందని చెప్పను. రాష్ట్రం ముచ్చట వస్తె ఇప్పటికీ ఇద్దరం నీళ్ళల్ల రాయి చూసుకుంట నడిచినట్టు నడుస్తం. పిల్లలు మాత్రం సైకిళ్ళు తొక్కుతున్నరు.

ఉత్తర ఐర్లాండ్‌ల 1981ల బెల్‌ఫాస్ట్‌ల కొందరు తల్లిదండ్రులు 28 మంది పిల్లలతోని ఒక బడి పెట్టిన్రు, లాగన్ కాలేజీ అని. క్యాథలిక్ పిల్లలు, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి కూసునే బడి. బయట మనుషులు చస్తనే ఉన్నరు. శాంతి ఒప్పందం అయింది 1998ల. అంటె నాయకులు సంతకాలు పెట్టే దానికి 17 ఏండ్ల ముందు వీళ్ళు మొదలుపెట్టిన్రు. మన గొడవ దాంట్ల వందో వంతు కాదు. మనకు అడ్డం ఏమున్నది, చెప్పున్రి.

ఆలస్యం చేస్తె ఎంత ఆలస్యమైతదో ఇక్కడికి దగ్గర్లనే ఉన్నది. ఐ-5 మీద ఉత్తరానికి గంటన్నర పోతె బెల్లింగ్‌హాం. 1907 సెప్టెంబరు 4 నాడు అక్కడి కట్టెకోత మిల్లులల్ల పని చేసే మన దేశపోళ్ళను, ఎక్కువ పంజాబీలు, గుంపులు ఇండ్లల్లకెళ్ళి గుంజి కొట్టి తరిమిన్రు. ఊరి పెద్దలు తప్పైందని అధికారికంగ చెప్పింది 2007ల. నూరేండ్లు! దెబ్బలు తిన్నోడు ఒక్కడు లేడు వినడానికి.

ఇగ మన ఊరికి వస్త, అసలు పని అక్కడున్నది. 2014ల ఫాస్ట్ పథకం తెచ్చిన్రు, ఫీజు కట్టాలంటె 1956 నాటికి కుటుంబం తెలంగాణల ఉండాలె అని. వెనకబడ్డ మన పిల్లలకు దక్కాలనే ఆలోచన, నాకు అర్థమైతది. కానీ హైదరాబాద్‌ల పుట్టి, హైదరాబాద్‌ల చదివి, వేరే ఊరు చూడని పద్దెనిమిదేండ్ల పిల్లకు "నువ్వు ఇక్కడిదానివి కాదు" అని చెప్పినట్టయింది. తర్వాత వెనక్కి తీసుకున్నరు, మంచి పని. ఈ ఫిబ్రవరిల జీహెచ్ఎంసీ ఎన్నికలల్ల రెండు దిక్కులోళ్ళు కలిసే ఓటేసిన్రు, అదీ మంచిదే. కానీ నగరంల సగం మంది కూడ ఓటుకు రాలే. మిలియన్ మార్చ్‌కు వచ్చిన పోరగాళ్ళు వార్డు ఓటుకు ఎందుకు రాలే? నాకు తోచింది చెప్త. ఢిల్లీని కదిలించినోనికి వార్డు మెంబరు పని ఏందో ఎవరూ చెప్పలే. వాళ్ళు ఇయ్యాల అశోక్‌నగర్ రూములల్ల, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఉన్నరు. వయసు పరిమితి పదేండ్లు పెంచిన్రు. మొదలు 439 గ్రూప్-2 పోస్టులని వేస్తె లక్షల మంది దరఖాస్తు పెట్టిన్రు. నోటిఫికేషన్లు ఇంకా రావాలె, జల్ది రావాలె, దాని మీద నాకు రెండో మాట లేదు. అయితె అన్నీ వచ్చినా వందల అయిదుగురికి కూడ దొరకయి. మిగిలినోళ్ళు ఊరికి దేనికీ పనికిరారా?

విచిత్రం ఏందంటె, ప్రపంచం కూడ ఈ మధ్యనే ఈ ముచ్చట పట్టుకున్నది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పోయిన డిసెంబరుల 2250 నంబరు తీర్మానం చేసింది. 18 నుంచి 29 ఏండ్ల వాళ్ళను గొడవ చేసేటోళ్ళుగ మాత్రమే చూడొద్దు, గొడవ అయినంక శాంతి నిలబెట్టే పనిల, నిర్ణయాలల్ల కూసోబెట్టున్రి అని. తారీఖు చూస్తె డిసెంబరు 9! మన తారీఖే. నాకు నవ్వొచ్చింది. మనకు మాత్రం ఎవరో తీర్మానం చేసి పంపాల్సిన అవసరం లేదు, మన దగ్గరనే తొవ్వ ఉన్నది.

సామాజిక తనిఖీ. మీలో ఊరితోని సంబంధం ఉన్నోళ్ళకు ఎరుకే. ఉపాధి హామీ పనుల మీద 2006 సంది ఉమ్మడి రాష్ట్రంల మొదలైంది, దానికోసమే 2009ల ఒక సొసైటీ పెట్టిన్రు, ఇప్పుడు తెలంగాణకు వేరే ఉన్నది. దాంట్ల పని చేసేది ఎవరు? ఐఏఎస్‌లు కాదు, ఆడిటర్లు కాదు. కైకిలి చేసే ఇండ్లల్ల నాలుగక్షరాలు చదివిన పోరగాళ్ళు, పోరగాండ్లే కాదు ఆడిపిల్లలు కూడ. కొన్ని రోజుల శిక్షణ ఇస్తరు. మస్టర్ రోల్ పట్టుకొని ఇంటింటికి పోయి "ఎల్లవ్వా, నీ పేరు మీద పన్నెండు రోజులు రాసున్నది, నువ్వు పోయినవా, పైసలు ముట్టినయా?" అని అడుగుతరు. టేపు పట్టి తవ్విన గుంత కొలుస్తరు. రాసింది గ్రామసభల చదువుతరు. ఆఖరికి మండలంల ప్రజావేదిక పెట్టి, అధికారులందరి ముందర, ఫీల్డ్ అసిస్టెంట్ ముందర, మళ్ళ చదువుతరు.

నేను మూడేండ్ల కింద ఊరికి పోయినప్పుడు ఒక ప్రజావేదిక చూసిన. మండలాఫీసు ముందర టెంటు, ఎండ, మైకు కీసుకీసుమంటున్నది. ఇరవై ఏండ్ల పిల్ల కాగితం పట్టుకొని చదువుతున్నది. చనిపోయిన మనిషి పేరు మీద కూలి డబ్బులు ఎత్తిన్రని చదివింది. ఒకాయన లేచి "ఎవని బిడ్డవే నువ్వు?" అన్నడు. ఆ పిల్ల తండ్రి పేరు చెప్పింది, మళ్ళ అదే వరుస నుంచి చదువుడు మొదలుపెట్టింది. గొంతు పెంచలే. టెంటు కింద ఒక్కరు కూడ నవ్వలే. నేను ఇరవై ఏండ్లప్పుడు ఆ మనిషికి ఎదురుంగ కుర్చీల కూసునేటోణ్ణి కూడ కాదు.

దీంట్ల అన్నీ బాగున్నయని కాదు. పట్టిన దాంట్ల సగం సొమ్ము వసూలు కాదు, కొన్ని చోట్ల బెదిరిస్తరు. కానీ పోరగాళ్ళకు చెప్పదగ్గ పని అంటె నాకు ఇదే కనపడ్తది. రోడ్డెక్కినప్పుడు వాళ్ళు నేర్చుకున్నయన్ని, జనాన్ని జమ చేసుడు, భయం లేకుండ అడుగుడు, కాగితం చదువుడు, అన్నీ దీంట్ల అక్కరకొస్తయి. రాయి విసరాల్సిన పని లేదు.

ఇప్పుడు మిషన్ కాకతీయ నడుస్తున్నది, 46 వేల చెరువులు. మనం ఉద్యమంల ఏం చెప్పినం? కాకతీయుల చెరువులు నాశనం చేసిన్రని చెప్పినం. మరి ఇప్పుడు మన చెరువుల పూడిక ఎంత తీసిన్రు, కట్ట ఎంత పొడుగు పోసిన్రు, తూము పెట్టిన్రా లేదా, కొలిచేటోడు ఊళ్ళె ఉన్నడా? అంచనా కాగితం సమాచార హక్కు కింద అడగొచ్చు. గ్రామ స్థాయిల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల ఐదు రూపాయలు, ముప్పై రోజులల్ల జవాబియ్యాలె. ఇది మన ప్రభుత్వం మీద వ్యతిరేకం అని కొందరు అంటరు. మన ప్రభుత్వం కాబట్టే అడుగుతం. పరాయి ప్రభుత్వాన్ని తిట్టినం, సొంత దాన్ని అడుగుతున్నం.

ఇంకొక షరతు నాది. బోధన్, వర్ని దిక్కు నిజాంసాగర్ నీళ్ళకు వచ్చి మూడు తరాల సంది వ్యవసాయం చేస్తున్న కోస్తావాళ్ళ ఊర్లున్నయి. కాలువ ఒకటే, తూము ఒకటే. అక్కడ కొలతకు పోయే పిల్లల గుంపుల వాళ్ళ పిల్లలు లేకుంటె ఆ కొలత ఎవరూ నమ్మరు. నీటి కాడ కొట్లాట పెద్దోళ్ళకు అలవాటు. ఇద్దరి పిల్లలు ఒక టేపు రెండు కొసలు పట్టుకోవాలె, ఇట్ల తప్ప వేరే తీర్గ కొలిచే వీలు కూడ లేదు.

మరి ఇక్కడ మన పని? నేను మూడు అనుకున్న, రెండే చెప్త, మూడోది పైసలది, అది కోశాధికారి అన్న చెప్తడు.

మొదటిది, ఆ టేబుల్ మీద ఒక కాగితం పెట్టిన. మీ ఊరి పేరు, మీ ఊళ్ళె ఉద్యమంల తిరిగిన ఒక పిల్లగానిదో పిల్లదో పేరు, ఫోన్ నంబరు రాయున్రి. నాయకుల నంబర్లు వద్దు. వాళ్ళ నంబర్లు మన దగ్గర మస్తున్నయి. నెలకు ఒక్కసారి ఆ మనిషికి మీరు ఫోన్ చెయ్యాలె. ఆర్టీఐ దరఖాస్తు రాయనీకి, ఫోన్‌ల కొలతలు ఎక్కించనీకి సాయం చేస్తం. వాళ్ళు ఏది కొలవాలో మనం చెప్పొద్దు. చెరువు కాదు, మా బడి మరుగుదొడ్డి కొలుస్తమంటె అదే కొలవాలె.

రెండోది మన పిల్లలు. మన బాతెల్ సగం కింగ్ కౌంటీల ఉంటది, సగం స్నోహోమిష్ కౌంటీల. ఊరు మధ్యకెళ్ళి గీత పోతది. బ్యాలెట్లు వేరు, పన్నులు వేరు, నార్త్‌షోర్ బడులు మాత్రం ఒకటే. మా పక్కింటాయనకు మన విభజన గొడవ చెప్తె, "మేం గీత మీదనే ఉంటున్నం గద, మాకు యాదికే రాదు" అన్నడు. మనది అంత అల్క కాదు, ఆయనకు ఆ సంగతి చెప్పిన కూడ. అయినా ఆ మాట నాకు బాగనిపించింది. ఈ రాష్ట్రంల శాసనసభకు సలహా చెప్పనీకి 14 నుంచి 18 ఏండ్ల పిల్లల కౌన్సిల్ ఒకటున్నది, మన పిల్లలను దరఖాస్తు పెట్టనియ్యున్రి. మనలో సగం మందికి ఇక్కడ ఓటు లేదు, హెచ్-1 మీద ఉన్నోళ్ళం. ఓటున్నోళ్ళ ఇంటికి బ్యాలెట్ పోస్టుల వస్తది, దాని వెంబడి పుస్తకం వస్తది. అది చెత్తబుట్టల వెయ్యకుండ పిల్లలను పక్కన కూసోబెట్టుకొని చదవున్రి.

వచ్చే శనివారం పొద్దున పదింటికి సమ్మామిష్ నది ఒడ్డున, బాతెల్ ల్యాండింగ్ పార్కుల మన పెద్దపిల్లలు కొందరు కలుస్తున్నరు. సామాజిక తనిఖీ అంటె ఏందో వాళ్ళకు ఇంగ్లీషుల చెప్పే పని నాది. వినుకొండ రూమ్మేట్ కూడ వస్తున్నడు, వాళ్ళ బిడ్డను తీసుకొని. వాడు సివిల్ ఇంజనీరు, కట్ట కొలిచే లెక్క నాకంటె వానికే బాగ తెలుసు. ఎవరన్న వానితోని పాత ముచ్చట్లు ఎత్తేటట్టుంటె ముందుగాల నా దగ్గరికి రాండ్రి.

వరంగల్ పిల్లగాని నంబరు ఆ కాగితంల మొదటి వరుసల నేనే రాసిన. నిన్న రాత్రి ఫోన్ చేసిన. వాళ్ళ ఊరి చెరువు కట్ట మీద బోర్డు ఫోటో తీసి పంపిండు. అంచనా మొత్తం కాడ రంగు లేసిపోయింది, చదవరాదు. సోమవారం మండలాఫీసుకు పోతనన్నడు, ఐదు రూపాయలు పట్టుకొని.

సర్వపిండి చల్లారుతున్నది. జై తెలంగాణ.